కల్లం నుంచి కాలేయం దాకా
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పగానే మనవాళ్లకు ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ గుర్తొస్తాయి. జీవరసాయన శాస్త్రం చదువుకున్నవాళ్లకు ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతి గుర్తొస్తుంది. ఆయన పేరు మోస్తున్న శిలీంధ్రం ఒకటి ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 1948లో ఆయన పోయిన ఐదేళ్లకు క్లిఫర్డ్ హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త, మురుగునీటిని శుద్ధి చేసే వడపోత రాళ్ల మీద పెరిగే ఒక కొత్త జాతికి ‘సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్’ అని పేరు పెట్టాడు. విగ్రహాల కన్నా, తపాలా బిళ్ల కన్నా ఈ గౌరవమే ఆయనకు ఎక్కువ నచ్చి ఉండేదని నా ఊహ.

ఈ హెసెల్టైన్ సుబ్బారావు గారి లెడర్లీ ప్రయోగశాలల్లో పనిచేసినవాడే. తర్వాత ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో అమెరికా వ్యవసాయ శాఖ వారి ప్రయోగశాలకు వెళ్లాడు. అక్కడ 1966లో ఒడెట్ షాట్‌వెల్ తదితరులతో కలిసి బియ్యం మీద ఒక బూజును పెంచి దాని విషాన్ని పెద్ద మొత్తంలో తీసే పద్ధతి ప్రచురించాడు. విషం ఎందుకు తయారు చేయడం అంటారేమో. చేతిలో శుద్ధమైన విషం ఉంటేనే అది కణంలో ఏం చేస్తుందో చూడగలం, తిండిలో ఎంత ఉందో కొలవగలం. ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. ఈవేళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

తిండిలో చేరే విషాలన్నిటిలోకీ బహుశా దీని గురించే శాస్త్రానికి ఎక్కువ తెలుసు. ఏ బూజు, ఏ వేడిలో, ఏ జన్యువుల సాయంతో దీన్ని తయారు చేస్తుందో తెలుసు. కాలేయ కణంలోకి వెళ్లాక మానవ జన్యుపటంలో ఏ అక్షరం మీద దెబ్బ కొడుతుందో కూడా తెలుసు. ఇంత తెలిసీ, ఆ ఎరుక ఓడరేవు దాకా పోయింది కానీ మన వంటింటి దాకా రాలేదు. ఎక్కడ ఆగిందో చూద్దాం.

1960లో ఇంగ్లండులో కొద్ది నెలల వ్యవధిలో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. తిండి మానేసి, రెక్కలు వేలాడేసి, వారం తిరక్కుండా పోయేవి. కోసి చూస్తే కాలేయం పాడై ఉండేది. మొదట వైరస్ అనుకున్నారు. ఏదీ దొరక్క ‘టర్కీ ఎక్స్ జబ్బు’ అని పేరు పెట్టి ఊరుకున్నారు. జబ్బు ఒక ఫారం నుంచి పక్క ఫారానికి పాకే తీరు చూస్తే అంటువ్యాధిలా లేదు, మేత బస్తాల వెంట నడుస్తోంది. మేతలో కలిపింది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క. మరుసటేడు అందులో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజును పట్టుకున్నారు. చెక్కలోంచి తీసిన సారాన్ని పలక మీద విడదీసి అతినీలలోహిత దీపం కింద పెడితే కొన్ని చుక్కలు నీలంగా, కొన్ని ఆకుపచ్చగా మెరిశాయి. బ్లూ కాబట్టి బీ, గ్రీన్ కాబట్టి జీ. నీలంగా మెరిసిన వాటిలో మొదటిది, బీ1, అన్నిటికన్నా ప్రమాదకారి. అదే చెక్క తిన్న ఎలుకలకు కాలేయంలో కణుతులు పుట్టాయి. అప్పటిదాకా పశువైద్యుల తలనొప్పిగా ఉన్నది కేన్సర్ శాస్త్రవేత్తల బల్ల మీదికి వచ్చింది.

సరిగ్గా ఆ కాలంలోనే మన దేశంలో పౌష్టికాహారం లేని పిల్లలకు వేరుశనగ పిండి పెట్టే కార్యక్రమాలు నడుస్తున్నాయి. పప్పుల కరువు తీర్చడానికి చవకైన మాంసకృత్తులు కావాలి. నూనె తీశాక మిగిలే పిండి చేతిలో ఉంది. ఆలోచనలో తప్పేమీ లేదు. కాని 1971లో మైసూరు నుంచి ఒక నివేదిక వచ్చింది: బూజు విషం చేరిన వేరుశనగ పిండి తిన్న పిల్లలకు కాలేయం గట్టిపడిపోయింది. మందుగా పెట్టిన తిండే జబ్బయింది.

ఇక బాన్స్‌వాడా సంగతి. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఛేదించింది మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1974 శరదృతువు. రాజస్థాన్‌లో బాన్స్‌వాడా, దానికి ఆనుకుని గుజరాత్‌లో పంచమహల్. భిల్లుల పల్లెలు. మొక్కజొన్న వాళ్లకు ముద్దా రొట్టే అన్నీ. పంట చేతికొచ్చే వేళకు అకాల వాన కురిసింది. తడిసిన కంకుల్ని సరిగ్గా ఎండబెట్టే వీలు లేక అలాగే ఇంట్లో పెట్టుకుని తిన్నారు. కొద్ది వారాల్లో రెండు వందలకు పైగా ఊళ్లలో కామెర్లు మొదలయ్యాయి. ఒళ్లు పచ్చబడడం, వాంతులు, ఆపైన కడుపులో నీరు చేరి ఉబ్బిపోవడం. 397 మంది జబ్బుపడ్డారని లెక్క. అందులో 106 మంది చనిపోయారు.

మొదట వైరస్ కామెర్లేననుకున్నారు. అనుకోవడం సహజమే. కాని పోషకాహార సంస్థ నుంచి వెళ్లిన కృష్ణమాచారి, రమేశ్ భట్, నాగరాజన్, తిలక్ బృందానికి లెక్క కుదరలేదు. వైరస్ అయితే ఇంటింటికీ పాకాలి. ఇక్కడ మాత్రం పాడైన మొక్కజొన్న తిన్న కొంపల్లోనే జబ్బు. పైగా మనుషులకు కామెర్లు వచ్చే ముందు ఆ ఊళ్లలో కుక్కలు అలాగే కడుపు ఉబ్బి చచ్చాయి. మనిషికీ కుక్కకూ ఉమ్మడిగా ఉన్నది రొట్టెముక్క ఒక్కటే. గింజలు తెచ్చి పరీక్షిస్తే కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా అఫ్లాటాక్సిన్ తేలింది. ఇవాళ మన ఆహార భద్రతా సంస్థ గింజధాన్యాలకు పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే ఆ గిరిజనులు తిన్నది హద్దుకు నాలుగు వందల నుంచి వెయ్యి రెట్లు. 1975లో ‘లాన్సెట్’ పత్రిక దాన్ని ప్రచురించింది. బూజు తిండి వల్ల మనుషులు మూకుమ్మడిగా కామెర్లతో చనిపోతారని లోకానికి స్పష్టంగా చూపించిన తొలి పరిశోధనల్లో అది ఒకటి. 2004లో కెన్యాలో అచ్చం ఇలాగే మొక్కజొన్న వల్ల 317 మంది జబ్బుపడి 125 మంది పోయారు. మధ్యలో గడిచింది ముప్పై ఏళ్లు.

ఇంత మోతాదులో తింటే చచ్చిపోవడం అర్థమవుతుంది. రోజూ కొంచెం కొంచెంగా, నోటికి చేదు కూడా తగలనంతగా తింటే ఏమవుతుంది? దీనికి జవాబు పల్లెల్లో దొరకదు, కణంలోకి దిగాలి.

అఫ్లాటాక్సిన్ కణంలోకి ప్రవేశించేటప్పుడు పెద్ద ప్రమాదకారి కాదు. దాన్ని ప్రమాదకారిగా మార్చేది మన కాలేయమే. బయటి రసాయనం ఏదొచ్చినా దానికి ఒక ఆక్సిజన్ తగిలించి, నీటిలో కరిగేట్టు చేసి మూత్రంలోకి తోసేయడం కాలేయ కణానికి అలవాటు. సైటోక్రోమ్ పీ450 ఎంజైములు ఆ పనే చేస్తాయి. అవి బీ1కి ఆక్సిజన్ తగిలించగానే ఎపాక్సైడ్ అనే ముక్కోపి పుడుతుంది. నీటిలో దాని ఆయుష్షు ఒక్క సెకను. ఆ సెకనులో కణంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని పట్టుకుంటే కథ అక్కడితో ముగిసింది. చిట్టెలుకల్లో ఆ పట్టును కుదిర్చే ఎంజైము మహా చురుకు కాబట్టి అవి ఈ విషానికి లొంగవు, పెద్ద ఎలుకలు లొంగిపోతాయి. పట్టుకోకపోతే ఎపాక్సైడ్ డీఎన్‌ఏ పోగుల మధ్యకు దూరి గ్వానిన్ (జీ) అనే అక్షరానికి అతుక్కుంటుంది.

అతుక్కున్నవి చాలావరకు ఊడిపోతాయి, కణం మరమ్మతు చేసుకుంటుంది. ఊడిన ముక్కలు మూత్రంలో కనిపిస్తాయి కూడా. అయితే మరమ్మతు పూర్తికాకముందే కణం రెండుగా చీలితే, నకలు రాసే ఎంజైము ఆ అక్షరాన్ని తప్పుగా చదువుతుంది. జీ ఉన్న చోట టీ అనే అక్షరం పడుతుంది. కాలేయ కణం మామూలుగా తొందరపడి చీలదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

1991లో ‘నేచర్’ పత్రికలో రెండు బృందాల పరిశోధనలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి చైనాలో చిదోంగ్ ప్రాంతపు రోగులవి, ఇంకొకటి దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు రోగులవి. రెండు చోట్లా బూజు తిండి ఎక్కువ, కాలేయ కేన్సర్ ఎక్కువ. కణుతుల్లో పీ53 జన్యువును చదివారు. కణం దారి తప్పినప్పుడు ఆపేది, ఆగకపోతే చంపేది ఆ జన్యువే. చిదోంగ్ కణుతులు 16లో 8 కణుతులకు ఒకే చోట, 249వ కోడాన్ మూడో అక్షరంలో, దెబ్బ తగిలి ఉంది. వాటిలో ఒకటి తప్ప అన్నిటిలో ఏజీజీ కాస్తా ఏజీటీ అయింది. ఆర్జినిన్ ఉండాల్సిన చోట సెరిన్ వచ్చి కూర్చుంది. అంతటితో ఆ ప్రొటీన్‌కు డీఎన్‌ఏను పట్టుకునే చెయ్యి పడిపోయింది. బూజు తిండి లేని దేశాల కాలేయ కేన్సర్లలో ఆ మార్పు అరుదు. పొగాకుకూ ఊపిరితిత్తుల కేన్సర్‌కూ ఉన్న సంబంధం జనాభా లెక్కలతో మొదలైంది. ఇక్కడ మాత్రం తిన్న తిండి జన్యువులో సంతకం పెట్టి పోయింది. కణశాస్త్రం ఆహార భద్రతకు ఇచ్చిన పెద్ద సాక్ష్యం ఇదేనని నా అభిప్రాయం.

తార్నాక సంస్థలోనే జరిగిన మరో ప్రయోగం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1960లలో మాధవన్, గోపాలన్ ఎలుకలకు అఫ్లాటాక్సిన్ ఇచ్చి, కొన్నిటికి 5 శాతం, కొన్నిటికి 20 శాతం ప్రొటీన్ ఉన్న మేత పెట్టారు. ప్రొటీన్ తక్కువ తిన్న వాటికి కాలేయం వెంటనే ఎక్కువ దెబ్బతింది. తీరా ఏడాది గడిచాక చూస్తే కేన్సర్ వచ్చింది బాగా తిన్న ఎలుకలకే. వింతగా ఉంటుంది కానీ పీ450 సంగతి తెలిశాక అర్థమవుతుంది. ప్రొటీన్ తక్కువైతే ఆ ఎంజైములు మందగిస్తాయి, ఎపాక్సైడ్ తక్కువ పుడుతుంది. ఈ ప్రయోగాన్ని పట్టుకుని పాలూ మాంసమూ మానేయమని పాశ్చాత్య దేశాల్లో పుస్తకాలు రాసినవాళ్లున్నారు. ఎలుకల బోనులో తేలిన దాన్ని అలా తిన్నగా మన కంచంలోకి దించేయకూడదు. ప్రొటీన్ లేని పిల్లవాడు కేన్సర్ దాకా బతికి ఉండాలి కదా.

ఇక బూజు వైపు చూద్దాం. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ నేలలో ఉండేదే. ఎండు ఆకు, మోడు, రాలిన కాయ ఏదైనా దానికి తిండే. జపాను వాళ్లు సోయా సాస్‌కూ సాకే సారాకూ వాడే ఆస్పర్‌జిల్లస్ ఒరైజే దీనికి రక్తసంబంధి. జన్యువుల్లో రెండిటికీ పెద్ద తేడా లేదు. విషం తయారీకి కావలసిన పాతిక పైచిలుకు జన్యువులు ఒకే గుంపుగా ఉంటాయి. మచ్చికైన జాతిలో ఆ గుంపు పనిచేయదు. ఒకటి వేల ఏళ్లుగా వంటలో నమ్మకంగా పనిచేస్తోంది, రెండోది ఎండిన చేలో అదను కోసం చూస్తోంది.

ఆ అదను ఏమిటో అనంతపురం రైతుకు బాగా తెలుసు, విషం పేరు తెలియకపోవచ్చు కానీ. ఊడలు దిగి, కాయ ఊరే దశ దాటాక, పంట పీకడానికి నెల ముందు వాన మొహం చాటేస్తుంది. నేల 30 డిగ్రీల దగ్గర కాగుతుంది. మామూలుగా వేరుశనగ పప్పు చేతకానిదేం కాదు. బూజు తాకగానే రెస్వెరట్రాల్ జాతి రసాయనాలు ఉత్పత్తి చేసి ఎదుర్కొంటుంది. ద్రాక్షలో ఉందని ఎర్ర సారా వ్యాపారులు ఊదరగొట్టే పదార్థమే అది. కాని అది తయారు కావాలంటే పప్పులో నీరుండాలి. బెట్ట తగిలి పప్పులో నీరు తగ్గేకొద్దీ ఆ ఆయుధం మూలపడుతుంది. బూజుకు మాత్రం ఇంకా అంత తక్కువ నీరు కూడా చాలు. మొక్క ఓడిపోయిన, బూజు ఇంకా ఓడిపోని ఆ మధ్య రోజులే విషం పుట్టే రోజులు. చెదలు కొరికిన కాయ, పగిలిన కాయ అయితే దానికి తలుపు తెరిచి పెట్టినట్టే.

అంటే కొంత విషం నేలలోనే చేరిపోతుంది. మిగతాది కల్లంలో, గోదాములో. పీకిన చెట్టును కాయలు పైకి ఉండేలా తిరగేసి వరుసల్లో ఆరబెడితే రెండు మూడు రోజుల్లో సగం పని అయిపోతుంది. కాయలు లోపలికి పెట్టి పచ్చి కుప్ప వేస్తే కుప్ప నడుమ ఉడుకెత్తి బూజు పడుతుంది. ఎండిన పప్పులో తేమ 8 శాతం లోపు ఉంటే బూజు పెరగదు. ఇంత కష్టపడి ఎండబెట్టిన కాయల మీద, మరపట్టే ముందు నీళ్లు చల్లే అలవాటు మన సీమలో ఉంది. పప్పు పగలకుండా నిండుగా రావడానికి. పగిలిన పప్పుకు ధర తక్కువ కాబట్టి రైతును కానీ మిల్లువాణ్ని కానీ తప్పుపట్టలేం. అయితే బూజుకు ఆ చల్లిన నీళ్లు చాలు.

ఇప్పుడు కొలత దగ్గరికి వద్దాం. గోతంలోకి ఇనుప గొట్టం గుచ్చి దోసెడు పప్పులు తీసి ల్యాబుకు పంపుతారు. చీటీ మీద ఒక అంకె వస్తుంది. ఆ అంకెను నమ్మే ముందు ఒక లెక్క చూడండి. ఈ విషం బస్తా అంతా సమంగా కలిసి ఉండదు. పాయసంలో జీడిపప్పులాంటిది, ఒక గరిటెకు మూడొస్తాయి, ఇంకో గరిటెకు ఒకటీ రాదు. బాగా బూజుపట్టిన ఒక్క వేరుశనగ పప్పులో దాని బరువులో వెయ్యో వంతు దాకా అఫ్లాటాక్సిన్ ఉండగలదని 1960లలోనే కొలిచారు. పప్పు అరగ్రాము అనుకుందాం. వెయ్యో వంతు అంటే అరమిల్లీగ్రాము, 500 మైక్రోగ్రాములు. కిలోకు 15 మైక్రోగ్రాముల హద్దు చొప్పున చూస్తే, మిగతా పప్పులన్నీ శుభ్రంగా ఉన్నా సరే, ఆ ఒక్క పప్పు 33 కిలోల బస్తాను హద్దుకు తీసుకుపోతుంది. ఆ పప్పు గొట్టంలోకి వస్తే సరుకు తిరస్కరిస్తారు. రాకపోతే శుభ్రమని రాసిస్తారు. ఐరోపా వాళ్లు ఒక సరుకు నుంచి 20 కిలోల నమూనా తీసి మొత్తం పిండి చేసి కొలుస్తామంటే అది చాదస్తం అనుకోకండి, ఈ లెక్క తెలిసి చేసేదే.

ఐరోపాలో నేరుగా తినే పల్లీలకు హద్దు ఇంకా కఠినం: బీ1 కిలోకు 2 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 4. ఓడ ఎక్కే సరుకును అందుకే జల్లెడ పట్టి, కెమెరా యంత్రంలో వేసి, పైన ఆడకూలీలను కూర్చోబెట్టి ఏరిస్తారు. రంగు మారినవి, ముడుచుకుపోయినవి, తొలిచినవి చేతి వేళ్లకు తెలిసినంత బాగా యంత్రానికి తెలియవు. ఏరివేతతో విషం చాలా మటుకు పోతుంది, అనుమానం లేదు. ప్రశ్న ఒక్కటే: ఏరి పారేసినవి ఎక్కడికి పోతున్నాయి? పారేయరు. ఎవరు పారేస్తారు, అవీ డబ్బులే. అవి గానుగకో మిల్లుకో పోతాయి. విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగిలిపోతుంది, కొంత నూనెలో మడ్డితో పాటు వస్తుంది. శుద్ధి చేసిన నూనెలో క్షారం, తెల్లబరిచే మట్టి దాన్ని తీసేస్తాయి. గానుగ నూనె ఆరోగ్యమని లీటరుకు రెట్టింపు ధర పెట్టి కొంటున్న పట్నవాసులు ఏ పప్పు ఆడించారో అడిగి కొనాలి. మంచి పప్పు ఆడిస్తే గానుగ నూనెకు వంక పెట్టక్కర్లేదు. నూనెలోని ఈ విషం ఎండ తగిలితే విరిగిపోతుందని మైసూరు ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో చూపించారు. అది ఎంత చవకైన వైద్యమో, అంత త్వరగా మరిచిపోయాం.

చెక్క పశువుకు పోతుంది. ఆవు కాలేయంలోనూ మనకున్న ఎంజైములే ఉన్నాయి. బీ1ను అవి ఎం1గా మారుస్తాయి, ఎం అంటే మిల్క్. తిన్న విషంలో నూటికి ఒకటి రెండు వంతులు ఒక రోజు తిరక్కుండా పాలలో దిగుతాయి. కాచినా విరగదు, తోడుపెట్టినా పోదు. 2018లో ఆహార భద్రతా సంస్థ దేశమంతా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. యూరియా, డిటర్జెంటు లాంటి కల్తీ దొరికినవి 12. ఎం1 హద్దు దాటినవి 368. అయినా మనం ఎక్కువగా మాట్లాడుకునేది కల్తీ గురించే. కల్తీకి దొంగ ఉంటాడు, కథ ఉంటుంది. చెక్కలో బూజుకు దొంగ లేడు. పాడిరైతు ఆ చెక్కను డబ్బిచ్చి కొన్నాడు, అతడూ మోసపోయినవాడే. బర్రెకు మేత మారిస్తే నాలుగైదు రోజుల్లో పాలు శుభ్రపడతాయి. ఇంత తేలిగ్గా నయమయ్యే సమస్య ఆహార భద్రతలో మరొకటి ఉంటుందా అని నాకు సందేహం.

కాలేయ కణం తొందరపడి చీలదని ఇందాక అన్నాను. దాన్ని తొందరపెట్టేది ఒకటుంది: హెపటైటిస్ బీ వైరస్. కణాలు చస్తూ ఉంటాయి, మిగిలినవి చీలుతూ ఉంటాయి, మరమ్మతుకు వ్యవధి ఉండదు. షాంఘైలో 18 వేలకు పైగా మగవాళ్ల రక్తం, మూత్రం ముందే తీసి భద్రపరిచి, ఏళ్ల తరబడి గమనించారు. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవాళ్లకు కాలేయ కేన్సర్ ముప్పు మూడు నాలుగు రెట్లు, వైరస్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఏడు రెట్లు. రెండూ ఉన్నవాళ్లకు దాదాపు 60 రెట్లు. మూడు నాలుగుకు ఏడు కలిపితే పది పదకొండు, గుణిస్తే ఇరవై ఎనిమిది లోపే. అరవై ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబులో ఒక భాగం కణవిభజనలో ఉంది. పుట్టిన బిడ్డకు ఇరవై నాలుగు గంటల్లోపు వేసే హెపటైటిస్ బీ టీకా బూజు తిండి నుంచి కూడా కాపాడుతోందన్నమాట. ఆహార భద్రత గురించిన ఏ ప్రభుత్వ పత్రంలోనైనా టీకా పేరు రావాలని నేను అనేది అందుకే.

చిదోంగ్‌కు తిరిగి వెళ్తే అక్కడ ఇంకో పాఠం ఉంది. 1980లలో చైనాలో వ్యవసాయ విధానాలు మారి, అక్కడి జనం మొక్కజొన్న మానేసి బియ్యం తినడం మొదలుపెట్టారు. ఎవరూ కేన్సర్ కోసం మానలేదు. బియ్యం దొరికింది, రుచి బాగుంది, తిన్నారు. శాస్త్రవేత్తలు దాచిపెట్టిన పాత సీరం నమూనాలను తీసి చూశారు. రక్తంలోని అల్బుమిన్‌కు అతుక్కున్న అఫ్లాటాక్సిన్ 1989లో మిల్లీగ్రాముకు సగటున 19 పికోగ్రాములకు పైగా ఉండేది, 2009 నాటికి యంత్రానికి అందనంతగా పడిపోయింది. 35 ఏళ్ల లోపు వాళ్లలో కాలేయ కేన్సర్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. వాళ్లంతా నవజాత శిశువులకు టీకా రాకముందు పుట్టినవాళ్లే. ఆ తగ్గుదలలో 65 శాతం తిండి మార్పు పుణ్యమేనని లెక్కగట్టారు. గింజను కొలిస్తే గొట్టంలో ఏం పడిందో తెలుస్తుంది, మనిషి రక్తాన్ని కొలిస్తే అతడు నిజంగా ఏం తిన్నాడో తెలుస్తుంది. మన దగ్గరా పల్లీ, జొన్న, మొక్కజొన్న తినే జిల్లాల్లో పాతికేళ్ల పాటు సీరం దాచిపెట్టే పని ఏదైనా విశ్వవిద్యాలయం నెత్తిన వేసుకోవాలని కుర్రవాళ్లకు ఈ వేదిక మీది నుంచి అర్జీ పెడుతున్నాను. ఫలితం చూడడానికి నేను ఉండను. ప్రారంభించడానికి డీప్ ఫ్రీజరు, ఓపిక చాలు.

కొత్త విద్యలు రాలేదని కాదు. విషం చేయని ఫ్లేవస్ జాతిని చేలో చల్లి, విషం చేసే జాతికి చోటు లేకుండా చేసే పద్ధతి అమెరికా పత్తి, వేరుశనగ చేలల్లోనూ ఆఫ్రికా మొక్కజొన్న చేలల్లోనూ నడుస్తోంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో విషాన్ని చవగ్గా కొలిచే ఎలీసా పద్ధతి తయారై మలావీ రైతుల దాకా వెళ్లింది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలే ఇతర దేశాల వారితో కలిసి, బూజు విషపు జన్యువుల నోరు మూయించే వేరుశనగను ప్రయోగశాలలో పెంచి 2018లో ఫలితాలు ప్రచురించారు. అద్భుతమైన పని. కాని అది జన్యుమార్పిడి పంట, చేలోకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకూ తెలుసు. అప్పటిదాకా పప్పు తేమ తీరుస్తున్నది ఎండే.

ఆ ఎండ దగ్గరే చిక్కు. 12 శాతం తేమతో క్వింటా తూగే కాయను 8 శాతానికి ఎండబెడితే 96 కిలోల లోపుకు దిగుతుంది. పొద్దస్తమానం తిరగేసి, మబ్బు పడితే పట్టా కప్పి, కూలి ఇచ్చి ఎండబెట్టిన రైతు క్వింటాకు నాలుగు కిలోల పైచిలుకు పోగొట్టుకుంటాడు. మద్దతు ధర కేంద్రంలో తేమ మీటరు ఉంటుంది, హద్దు ఉంటుంది. కల్లం దగ్గరికే వచ్చి కొనే వ్యాపారి కాయను చెవి దగ్గర ఆడించి, చప్పుడు విని ధర చెబుతాడు. ఆ చప్పుడుకు పది శాతానికీ ఎనిమిది శాతానికీ తేడా తెలియదు, తెలిసినా రెండిటికీ ఒకే ధర. రైతు లెక్క తప్పు కాదు. మన లెక్కే తప్పు. ఎనిమిదికి దిగిన సరుకుకు ఆ నాలుగు కిలోల డబ్బూ, దాని మీద కూలీ కలిపి ఇచ్చే ధరల పట్టిక ముందు అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ యార్డుల్లో పెట్టాలి. ఊరికో తేమ మీటరు, రైతుకో పట్టా, నీళ్లు చల్లకుండా పప్పు పగలకుండా వొలిచే మరలకు రాయితీ, ఏరివేసిన పప్పు పశువుల చెక్కలోకి పోకుండా విడిగా కొనే ఏర్పాటు. వీటిలో ఏదీ పరిశోధన కాదు. అందుకే కాబోలు, ఇన్నేళ్లుగా ఏ పరిశోధన సంస్థా తన పని అనుకోలేదు, ఏ మార్కెటింగ్ శాఖా తన పని అనుకోలేదు.